ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్ కొత్తది వేసినా పి2033 మళ్ళీ వచ్చేసింది

నల్లపొగ
శనివారం, ఉదయం 9.10

అందరికీ నమస్కారం. నాది 4 సిలిండర్ల టర్బో డీజిల్ కారు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాల కిందట చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. స్కాన్ చేస్తే పి2033 వచ్చింది: ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్ హై, బ్యాంక్ 1, సెన్సర్ 2. షెడ్డులో చూపిస్తే "సెన్సర్ పోయింది" అని అక్కడికక్కడే తేల్చేశారు. కొత్తది వేసి కోడ్ చెరిపేసి ఇచ్చారు. అరవై కిలోమీటర్లు హాయిగా నడిచింది. అరవై ఒకటోది దాటిందో లేదో మళ్ళీ అదే లైటు, అదే కోడ్.

పికప్ కొంచెం తగ్గింది. డీపీఎఫ్ రీజనరేషన్, అంటే పట్టిన మసిని కాల్చేసుకోవడం, జరుగుతున్న జాడ లేదు. ఇదివరకు అప్పుడప్పుడు బండి ఆపాక కూడా ఫ్యాన్ తిరిగేది, ఐడిల్ కాస్త పెరిగేది. ఇప్పుడవేవీ లేవు.

ఇంకో సెన్సర్ కొనమంటున్నారు. కొత్తది కూడా డిఫెక్ట్ పీసై ఉంటుందట. కొనేయాలా, ఆగాలా? పాత సెన్సర్ అడిగి తెచ్చుకున్నాను. కోడ్‌లు, రీడింగులు చదివే ఓబీడీ స్కానర్, మామూలు మల్టీమీటర్ ఉన్నాయి.

సైలెన్సర్
శనివారం, ఉదయం 9.32

బ్రో, ఇంత ఆలోచనెందుకు? సెన్సర్ కప్లర్ (తీగల ప్లగ్గు) పీకేసి రెండు పిన్నుల మధ్య ఒక రెసిస్టర్ పెట్టి టేపు చుట్టెయ్యండి. ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) అంతా చల్లగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లైట్ ఆరిపోతుంది. నేను పాత బండికి అలాగే చేశా.

పానా14
శనివారం, ఉదయం 10.05

@సైలెన్సర్ ఆ పాత బండికి డీపీఎఫ్ ఉందా? ఉంటే దాని గతి ఏమైందో కూడా చెప్పు.

@నల్లపొగ గారూ, రెండో సెన్సర్ కొనకండి. డీజిల్ షెడ్డులోనే పని చేస్తాను, ఈ కోడ్ వారానికొకటి చూస్తాను. "సర్క్యూట్ హై" అంటే టెంపరేచర్ ఎక్కువైందని కాదు. సిగ్నల్ తీగ మీద వోల్టేజ్ ఎక్కువగా ఉందని అర్థం. అంటే సెన్సర్ లోపలో, కప్లర్‌లోనో, తీగలోనో ఎక్కడో తెగింది. ఆ మూడిట్లో ఏదని కోడ్ చెప్పదు.

మూడు సంగతులు చెప్పండి.
బండిలో ఇలాంటి సెన్సర్లు ఎన్ని?
రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూస్తే ఒక్కోటి ఎంత చూపిస్తోంది?
ఈమధ్య ఆ ప్రాంతంలో ఇంకేదైనా పని చేయించారా? టర్బో హోసు, క్లచ్, స్టార్టర్ మోటారు, ఏదైనా సరే.

కొత్తడ్రైవర్
శనివారం, ఉదయం 10.20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఈ సెన్సర్ అసలేం చేస్తుంది? పొగ ఎంత వేడిగా ఉందో తెలుసుకుని కారుకి ఏం లాభం?

ఓమ్‌కారం
శనివారం, ఉదయం 11.15

@కొత్తడ్రైవర్ డీపీఎఫ్ అంటే మసిని పట్టే జల్లెడ. అది నిండాక లోపలి మసిని కాల్చేయాలి. మసి దానంతటది మండాలంటే 600 డిగ్రీల దగ్గర వేడి కావాలి, మామూలు డ్రైవింగ్‌లో డీజిల్ పొగ అంత వేడెక్కదు. అందుకని ఈసీయూ కొంచెం డీజిల్‌ని ఆలస్యంగా ఇంజెక్ట్ చేస్తుంది. అది సిలిండర్‌లో మండకుండా బయటికొచ్చి, డీపీఎఫ్ ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్ట్‌లో మండుతుంది. ఆ వేడితో జల్లెడలోని మసి బూడిదవుతుంది.

ఇక్కడే సెన్సర్ల అవసరం. క్యాటలిస్ట్ 200-250 డిగ్రీలు కూడా ఎక్కకముందే డీజిల్ పంపితే అది మండదు, పచ్చిగా పోతుంది. వేడి మరీ పెరిగితే డీపీఎఫ్ పింగాణీ పగులుతుంది, కరిగినా కరుగుతుంది. ఎంత డీజిల్, ఎప్పుడు పంపాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఈ సెన్సర్లను చూసే నిర్ణయిస్తుంది. ఒక్కటి మాట్లాడకపోయినా చాలా బండ్లలో ఈసీయూ రీజనరేషన్ జోలికే పోదు. నల్లపొగ గారి ఫ్యాన్ ఎందుకు తిరగట్లేదో అర్థమైందనుకుంటా.

@సైలెన్సర్ చెప్పిన రెసిస్టర్ చిట్కాలో ప్రమాదం కూడా అదే. లోపల 700 డిగ్రీలున్నా ఈసీయూకి 25 అని చెబుతూ ఉంటాం. ఇంకా వేడి చాలలేదనుకుని డీజిల్ పంపుతూనే ఉంటే? కాకపోతే ఇప్పటి ఈసీయూలు అంత అమాయకంగా లేవు. ఇంజన్ పది నిమిషాలు నడిచినా కదలని రీడింగ్ కనిపిస్తే పి2084 లాంటి ఇంకో కోడ్ వేస్తాయి. లైట్ మళ్ళీ వెలుగుతుంది, మీరు మాత్రం ఒక తీగ కోసుకుని కూర్చుంటారు.

అయితే అదే రెసిస్టర్ పరీక్షకి భలే పనికొస్తుంది. ఆ సంగతి తర్వాత.

మోడరేటర్
శనివారం, ఉదయం 11.40

డీపీఎఫ్, సెన్సర్లను ఏమార్చే పద్ధతుల మీద చర్చ ఇక్కడ వద్దు. చాలా చోట్ల అది చట్టవిరుద్ధం కూడా. పరీక్ష కోసం రెసిస్టర్ పెట్టడం గురించి మాట్లాడుకోవచ్చు.

నల్లపొగ
ఆదివారం, ఉదయం 7.05

రాత్రంతా బండి కదల్లేదు. ఇప్పుడే ఇగ్నిషన్ ఆన్ చేసి చూశాను. సెన్సర్లు నాలుగు.

సెన్సర్ 1, టర్బోకి ముందు: 27
సెన్సర్ 2, టర్బో తర్వాత, క్యాటలిస్ట్ ముందు: 999
సెన్సర్ 3, డీపీఎఫ్ ముందు: 26
సెన్సర్ 4, డీపీఎఫ్ తర్వాత: 27
కూలెంట్ 27, ఇన్‌టేక్ గాలి 26.

చల్లగా ఉన్న సైలెన్సర్ పైపులో 999 డిగ్రీలు! చేత్తో పట్టుకుని మరీ చూశా :)

@పానా14 గారూ, ఆర్నెల్ల కిందట క్లచ్ మార్పించాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

పానా14
ఆదివారం, ఉదయం 7.50

ఉండొచ్చు. గేర్‌బాక్స్ దించాలంటే వెనకున్న వైరింగ్ క్లిప్పులు విప్పాలి. ఎక్కించేటప్పుడు అన్నీ తిరిగి పెడితే మంచి మెకానిక్. ఒకటి మర్చిపోతే ఆర్నెల్లకి ఇలాంటి టాపిక్ పుడుతుంది.

మిగతా మూడూ బయటి వేడితో సరిపోయాయి కాబట్టి వాటిని పక్కన పెట్టండి. ఇక రెండోదే.

ఓమ్‌కారం
ఆదివారం, ఉదయం 9.30

తెగితే 999 చూపిస్తోందంటే మీది పీటీసీ రకం. లోపల ప్లాటినం ఉంటుంది, వేడెక్కితే ఓమ్‌లు పెరుగుతాయి. కార్లలో ఎక్కువగా వాడేది పీటీ200. పేరులో ఉన్నట్టే సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు. గది వేడిలో సుమారు 220, వంద డిగ్రీల దగ్గర 275 అటూఇటూ, ఆరొందల దగ్గర 600 దాటుతుంది. తెగితే ఓమ్‌లు అనంతం. ఈసీయూ దాన్ని "భయంకరమైన వేడి" అని చదువుతుంది.

ఎన్టీసీ రకం దీనికి తలకిందులు. చల్లగా ఉంటే ఓమ్‌లు బోలెడు, వేడెక్కితే తగ్గుతాయి. అది తెగితే మైనస్ 40 లాంటి చలి చూపిస్తుంది. థర్మోకపుల్ రకాలూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి కేబుల్‌లోనే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా ఉంటుంది, దాన్ని ఓమ్‌లతో కొలిచి లాభం లేదు.

పాత సెన్సర్ మీ దగ్గరే ఉందన్నారుగా, దాన్ని ఒకసారి కొలవండి.

గేర్‌ఫైవ్
ఆదివారం, ఉదయం 10.10

ఓమ్‌కారం గారు చెప్పిన ఎన్టీసీ నన్ను ముంచింది. చల్లని సెన్సర్‌కి మీటర్ పెడితే ఓపెన్ (తెగినట్టు) అని చూపించింది. పోయిందనుకుని మార్చేశా. కొత్తదానికీ మీటర్ పెట్టా, అదీ ఓపెనే! మీటర్ 20 కిలో ఓమ్‌ల రేంజ్‌లో ఉంది. మెగా ఓమ్‌ల రేంజ్‌కి తిప్పితే అప్పుడు కదిలింది. పాతదాన్ని హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే ఓమ్‌లు చక్కగా దిగొచ్చాయి. అంటే నిక్షేపంలాంటి సెన్సర్‌ని తీసి పారేశాను. మారింది ఒక్క నా బ్యాంకు బ్యాలెన్సే.

నల్లపొగ
ఆదివారం, మధ్యాహ్నం 12.20

పాత సెన్సర్: 221 ఓమ్‌లు!
హాట్ ఎయిర్ గన్ పెట్టి ఒక నిమిషం ఊదితే నెమ్మదిగా ఎక్కుతూ 340 దాకా వెళ్ళింది. మధ్యలో ఎక్కడా తెగలేదు. చల్లారాక మళ్ళీ 222.

అంటే పాతది బాగానే ఉందన్నమాట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

ఓమ్‌కారం
ఆదివారం, మధ్యాహ్నం 12.45

ఇంకా ఏడవకండి. 340 ఓమ్‌లంటే 200 డిగ్రీల లోపే. కొన్ని సెన్సర్లకు లోపల వెంట్రుకంత పగులు ఉంటుంది. 400-500 డిగ్రీలు ఎక్కాక లోహం వ్యాకోచించినప్పుడే అది విచ్చుకుంటుంది. హాట్ గన్‌లో పాసై రోడ్డు మీద ఫెయిలయ్యేవి ఉంటాయి. కానీ మీ కోడ్ ఇప్పుడు చల్లని బండిలో, కొత్త సెన్సర్ ఉండగానే ఉంది. కాబట్టి అనుమానం తీగ మీదికే పోతోంది.

ఇప్పుడు కప్లర్ విప్పి బండి వైపు భాగాన్ని పరీక్షించండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి, ఇంజన్ ఆఫ్.

మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్‌కి. ఎర్ర తీగతో ఒక్కో పిన్ను చూడండి. ఒకదాని మీద 5 వోల్టులు రావాలి, అది సిగ్నల్. రెండోది సెన్సర్ ఎర్త్, అక్కడ సున్నా.

ఆ తర్వాత, ఇదే ముఖ్యం, మీటర్ రెండు తీగలూ రెండు పిన్నులకే పెట్టండి. అక్కడా 5 రావాలి. రాకపోతే ఎర్త్ తీగ తెగినట్టు.

పిన్నుల్లోకి మీటర్ మొన గుచ్చకండి. ఆడ టెర్మినల్ వెడల్పైపోతే ఉన్నది చాలక ఇంకో లూజు కాంటాక్ట్ మీరే తయారు చేసినట్టు. సన్నని గుండుసూది చాలు.

నల్లపొగ
ఆదివారం, మధ్యాహ్నం 3.40

బండి కిందికి దూరడానికే అరగంట పట్టింది. కప్లర్ లోపల పచ్చగా చిలుమేమీ లేదు, పిన్నులు మెరుస్తూనే ఉన్నాయి.

పిన్ 1 నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి: 4.98 వోల్టులు
పిన్ 2 నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి: సున్నా
పిన్ 1, పిన్ 2 మధ్య: 0.11, కదులుతూ ఉంది

ఇంకోటి. రెండు పిన్నులనీ చిన్న తీగతో కలిపి చూశాను. స్కానర్‌లో 999 అలాగే కదలకుండా ఉంది.

పానా14
ఆదివారం, మధ్యాహ్నం 3.55

దొరికింది దొంగ. ఎర్త్ తీగ తెగింది. పిన్నులు కలిపితే రీడింగ్ అటు చివర నుంచి ఇటు చివరకి పడిపోవాలి. పడలేదంటే ఆ దారి మధ్యలోనే తెగిపోయింది.

కొత్తడ్రైవర్
ఆదివారం, సాయంత్రం 4.10

పిన్ 2 దగ్గర సున్నా వచ్చిందిగా? ఎర్త్ అంటే సున్నాయే కదా? మరి తెగిందని ఎలా అంటున్నారు?

ఓమ్‌కారం
ఆదివారం, సాయంత్రం 4.30

మంచి ప్రశ్న, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గాలిలో వేలాడే తీగ కూడా సున్నా చూపిస్తుంది! మీటర్‌కి ఎర్త్ సున్నా, ఏమీ లేని సున్నా రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే రెండు పిన్నుల మధ్య కొలవమన్నాను. ఎర్త్ నిజమైనదైతే అక్కడ 5 వోల్టులు వచ్చేవి. వేలాడే తీగైతే 0.11 లాంటి దెయ్యం వోల్టేజ్ ఊగుతూ ఉంటుంది.

ఇక ఆ రెసిస్టర్ సంగతి. @నల్లపొగ గారూ, 220 ఓమ్‌ల రెసిస్టర్ దొరికితే ఒక కొస పిన్ 1కి, ఇంకో కొస తీగతో బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టి స్కానర్ చూడండి. పిన్ 1 మీద ఉన్నది 5 వోల్టులే అని ముందే తేలింది కాబట్టి ఫర్వాలేదు. 12 వోల్టులు ఉన్న తీగ మీద ఈ ప్రయోగాలు వద్దు.

ఈసీయూ లోపల 5 వోల్టుల నుంచి సాధారణంగా 1 కిలో ఓమ్ పుల్-అప్ రెసిస్టర్ ఉంటుంది, సిగ్నల్ తీగకి 5 వోల్టులు వచ్చేది దాని గుండానే. దానితో 220 కలిస్తే సిగ్నల్ మీద దాదాపు 0.9 వోల్టులు, అంటే పాతిక డిగ్రీల దగ్గర చూపించాలి. అలా చూపిస్తే ఈసీయూ, సిగ్నల్ తీగ రెండూ నిర్దోషులు.

నల్లపొగ
ఆదివారం, సాయంత్రం 6.15

220 ఓమ్‌లది దొరికింది, పాత రేడియో విప్పి తీశా. స్కానర్‌లో 26 డిగ్రీలు!!

పరమానందం. కానీ తెగింది ఎక్కడో తెలియాలిగా. ఆ తీగలు ఇంజన్ వెనక్కి వెళ్ళి మాయమవుతున్నాయి.

ఇంకో డౌటు. మిగతా మూడు సెన్సర్లకీ ఎర్త్ బాగానే ఉంది. అందరికీ ఒకటే ఎర్త్ కాదా?

పానా14
ఆదివారం, రాత్రి 8.20

చాలా బండ్లలో ఈసీయూ నుంచి ఒక ఎర్త్ తీగ వచ్చి హార్నెస్ (తీగల కట్ట) లోపల ఒక జాయింట్ దగ్గర కొమ్మలుగా చీలుతుంది. మాను తెగితే నాలుగు సెన్సర్లూ పిచ్చి లెక్కలు చూపిస్తాయి. మీకు ఒక్కటే పోయింది, కాబట్టి తెగింది కొమ్మ. అంటే ఆ జాయింట్‌కీ మీ కప్లర్‌కీ మధ్యలో. వెతకాల్సిన దూరం చాలా తగ్గింది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక చేయండి. కప్లర్ నుంచి పైకి హార్నెస్‌ని వేళ్ళ మధ్య పట్టుకుని అంగుళం అంగుళం నలుపుకుంటూ పోండి. బాగున్న తీగ స్ప్రింగులా ఉంటుంది. లోపల రాగి తెగిన చోట గుజ్జులా మెత్తగా వంగిపోతుంది, లేదా పైతొడుగు కాలి పెళుసుగా తగులుతుంది. హార్నెస్ మీది గొట్టం ఎక్కడ మెరుస్తోందో, ఎక్కడ అతుక్కుపోయిందో చూడండి. హీట్ షీల్డ్ అంచులు ముందు చూడాల్సిన చోటు.

మీటర్ కూడా వాడుకోవచ్చు. కప్లర్ పిన్నుల మధ్య వోల్టేజ్ మీద పెట్టి, ఇంకొకరిని హార్నెస్ కదపమనండి. 0.11 కాస్తా 5కి ఎగిరిన చోట ఆగండి.

గేర్‌ఫైవ్
ఆదివారం, రాత్రి 9.00

ఎలుకల్ని మర్చిపోకండి. బండి రెండు వారాలు కదలకపోతే తీగలు కొరికేస్తాయి. నాకు ఒకసారి అచ్చంగా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అయింది, నిజం ఎలుక!

సైలెన్సర్
ఆదివారం, రాత్రి 9.25

సరే, రెసిస్టర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. పాత బండికి డీపీఎఫ్ లేదు, ఒప్పుకుంటున్నా. కానీ ఒక ప్రశ్న: తీగ తెగి ఉంటే సెన్సర్ మార్చాక అరవై కిలోమీటర్లు ఎలా నడిచింది?

పానా14
ఆదివారం, రాత్రి 9.40

మార్చేటప్పుడు కప్లర్‌ని అటూ ఇటూ లాగి ఉంటారు. లోపల తెగిన రాగి కొసలు ఒకదాన్నొకటి తాకాయి. షెడ్డులో కోడ్ పోయింది, అందరూ సంతోషం. రోడ్డు మీద ఇంజన్ ఊగి మళ్ళీ విడిపోయాయి. మొదట్లో కూడా కోడ్ వస్తూ పోతూ ఉండేదేమో అడగండి.

నల్లపొగ
సోమవారం, రాత్రి 8.50

నిజమే, మొదటి వారం లైట్ రెండుసార్లు దానంతటదే ఆరింది. స్పీడ్‌బ్రేకర్ దాటగానే వెలిగేది. నేను పట్టించుకోలేదు.

దొరికింది! కప్లర్ నుంచి రెండు జానల పైన, ఇంజన్ వెనక. హార్నెస్‌ని పట్టి ఉంచాల్సిన క్లిప్పు అసలు లేదు. దాని రంధ్రం ఖాళీగా కనిపిస్తోంది. హార్నెస్ కిందికి జారి టర్బో హీట్ షీల్డ్ అంచు మీద కూర్చుంది. నల్ల గొట్టం ఒకవైపు కరిగి షీల్డ్‌కి అంటుకుంది. ఊడదీసి చీలిస్తే లోపల గోధుమ రంగు తీగ బొగ్గులా గట్టిపడింది. వంచగానే పటుక్కుమని పైతొడుగు విరిగింది, లోపల రాగి నల్లగా రెండు ముక్కలు. పక్క తీగకి పైతొడుగు మెత్తబడింది కానీ తెగలేదు.

ఇప్పుడు దీన్ని అతకాలి. సోల్డరింగ్ చేస్తే సరిపోతుందా?

పానా14
సోమవారం, రాత్రి 9.10

సోల్డర్ వద్దు. క్రింప్ చేయండి, అంటే లోహపు తొడుగులో తీగ కొసలు పెట్టి నొక్కేయడం. సోల్డర్ తీగ పోగుల మధ్యకి పాకి ఆ భాగాన్ని కడ్డీలా చేస్తుంది. ఇంజన్ వణుకుడికి కడ్డీ అయిపోయిన చోట, దాని అంచున మళ్ళీ తెగుతుంది.

ఓమ్‌కారం
సోమవారం, రాత్రి 9.35

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. బాగా చేసిన సోల్డర్, రెండు వైపులా కదలకుండా కడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. చెత్త క్రింప్ కంటే మంచి సోల్డర్ మేలు. ఇంట్లో కటింగ్ ప్లయర్‌తో నొక్కినదాన్ని క్రింప్ అనరు కదా.

పానా14
సోమవారం, రాత్రి 9.50

బల్ల మీద మీ మాటే నిజం సార్. బండి కింద వెల్లకిలా పడుకుని, రెండు వేళ్ళు మాత్రమే పట్టే సందులో మంచి సోల్డర్ చేసిన మనిషిని నేనింకా చూడలేదు. సరైన క్రింపింగ్ ప్లయర్ తెచ్చుకుంటే పని అయిపోతుంది.

నల్లపొగ గారూ, నల్లబడిన రాగి మీద జాయింట్ వేయకండి. మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోస్తూ పోండి. తీగ చాలకపోతే అదే మందం తీగ ముక్క మధ్యలో కలపండి, లాగి లాగి కట్టొద్దు. పక్క తీగని కూడా ఇప్పుడే మార్చేయండి. రెండు జాయింట్లూ ఒకే చోట పక్కపక్కన రాకుండా కాస్త ముందూ వెనకా వేయండి. లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే) తొడుగు, దాని మీద ఫైబర్‌గ్లాస్ స్లీవ్. ప్లాస్టిక్ ట్యాగ్ అక్కడ నిలవదు, లోహపు క్లిప్పు వేసి హార్నెస్‌ని షీల్డ్‌కి నాలుగు వేళ్ళ దూరంలో కట్టండి.

బ్యాటరీ నెగెటివ్ తీసి పని మొదలుపెట్టండి.

గేర్‌ఫైవ్
సోమవారం, రాత్రి 10.15

కింద ఉన్నప్పుడే కొత్త సెన్సర్ నట్టు కూడా ఒకసారి చూడండి. మాకు ఒకసారి సెన్సర్ తీసేటప్పుడు నట్టు, గొట్టం రెండూ కలిసి తిరిగాయి. నట్టు మాత్రమే తిరగాలి, లోపలి గొట్టం నిలబడాలి. తుప్పుకి రెండూ పట్టేసుకున్నాయి. బలం పెట్టాం, మొన విరిగి లోపలే ఉండిపోయింది. అదృష్టం బాగుండి డీపీఎఫ్ తర్వాతి సెన్సర్. టర్బో ముందుదైతే ఆ ముక్క నేరుగా టర్బైన్ రెక్కల్లోకే పోయేది.

పానా14
సోమవారం, రాత్రి 10.30

అవును, అది భయంకరం. తుప్పు పట్టినదాన్ని విప్పే ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టాలి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పితే తేలిక, కాలే వేడిలో కాదు. కేబుల్ దూరడానికి పక్కన గాడి ఉన్న సాకెట్ ఉంటుంది, అది వాడాలి. పాత సెన్సర్ ఎలాగూ పారేసేదైతే కేబుల్ కోసేసి ఆరు మూలల రింగ్ పానా గానీ పొడుగు సాకెట్ గానీ ఎక్కించడం ఇంకా మంచిది, నట్టు మూలలు అరగవు. కొంచెం విప్పు, కొంచెం బిగించు, మళ్ళీ విప్పు. ఒకే ఊపున లాగితే మర ఊడొస్తుంది.

కొత్తది పెట్టేటప్పుడు మర మీద మాత్రం నికెల్ లేదా సిరామిక్ రకం యాంటీ-సీజ్ (పట్టేసుకోకుండా చేసే) గ్రీజు. మొనకి తగలకూడదు. కొన్ని సెన్సర్లకి కంపెనీ వాళ్ళే పూసి ఇస్తారు, అప్పుడు మళ్ళీ పూయక్కర్లేదు. బిగింపు ఎంతో మాన్యువల్లో చూసి టార్క్ రెంచ్‌తోనే. కేబుల్ మెలి తిరిగి ఉండకూడదు, సెన్సర్ మెడ దగ్గర మడత పెట్టకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. మూడు వారాలుగా రీజనరేషన్ లేదు. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ చూశారా? సగంలో ఆగిపోయిన రీజనరేషన్ల డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ముందు ఆయిల్ మార్చాలి.

నల్లపొగ
బుధవారం, సాయంత్రం 7.20

పని అయింది. జాయింట్లు మూడు పాడయ్యాక నాలుగోది కుదిరింది. క్రింపింగ్ ప్లయర్ చేతిలో ఉండగానే సరిపోదని తెలిసొచ్చింది. లాగి చూశాను, గట్టిగానే ఉన్నాయి.

పిన్ 1, పిన్ 2 మధ్య ఇప్పుడు 4.98. కప్లర్ పెట్టగానే సెన్సర్ 2 రీడింగ్ 29, మిగతావి 28, 29, 28. కోడ్ చెరిపాను, తిరిగి రాలేదు. ఇంజన్ ఆన్ చేసి హార్నెస్‌ని పట్టి ఊపినా గ్రాఫ్ గీత చెదరలేదు.

ఆయిల్ మట్టం మాక్స్ గీతకి కొంచెం కింద, ఎప్పుడూ ఉండే చోటే. వాసన లేదు. డీపీఎఫ్ మసి 82 శాతం చూపిస్తోంది. స్కానర్‌లో ఫోర్స్డ్ రీజనరేషన్ (ఆగిన బండిలో బలవంతంగా మొదలుపెట్టేది) ఉంది, నొక్కేయనా?

పానా14
బుధవారం, సాయంత్రం 7.45

నొక్కొద్దు. ముందు హైవే మీద ఇరవై ముప్పై నిమిషాలు ఒకే స్పీడులో, కొంచెం పైన ఆర్‌పీఎంలో నడపండి, అదే మొదలుపెడుతుంది. నడుస్తున్న బండికి గాలి తగులుతుంది, ఆగిన బండిలో రీజనరేషన్ అంటే వేడంతా కిందే ఉంటుంది. తప్పదనుకుంటే మాన్యువల్లో ఉన్న మసి పరిమితి లోపలే ఉందా చూసుకుని, ఆరుబయట, ఎండుగడ్డి, కాగితాలు లేని నేల మీద చేయాలి. మూసిన గదిలో అసలొద్దు. మధ్యలో ఇంజన్ ఆపొద్దు. దారిలో పక్కవాళ్ళకి స్కానర్ ఇచ్చి రాయించండి, మీరు రోడ్డు చూడండి.

నల్లపొగ
శనివారం, ఉదయం 11.30

పద్దెనిమిదో నిమిషంలో మొదలైంది! మా తమ్ముడు రాసిన లెక్క ఇది, ఎక్కువలో ఎక్కువ:

సెన్సర్ 1: 430
సెన్సర్ 2: 350
సెన్సర్ 3: 612
సెన్సర్ 4: 590

మూడోది ముందు ఎక్కింది, నాలుగోది దాని వెనకాలే నిదానంగా వచ్చింది. మసి 82 నుంచి 11కి దిగింది. ఇంటికొచ్చి ఆపాక ఫ్యాన్ తిరిగింది. ఆ చప్పుడు ఇంత బాగుంటుందని ఇదివరకు తెలియదు.

ఒక్కటే మిగిలింది. పాత సెన్సర్ బాగుందిగా, అది మళ్ళీ పెట్టి కొత్తది దాచుకోనా?

ఓమ్‌కారం
శనివారం, ఉదయం 11.50

చూశారా, క్యాటలిస్ట్ ముందు 350, తర్వాత 612. ఆ తేడా అంతా క్యాటలిస్ట్‌లో మండిన డీజిల్ వేడే. అది కూడా బాగా పనిచేస్తోందని తేలింది.

పానా14
శనివారం, మధ్యాహ్నం 12.05

ఉన్నదాన్ని కదపకండి. విప్పి బిగించిన ప్రతిసారీ మరకి ఆయుష్షు తగ్గుతుంది. పాతదాని మొన తుడిచి, 221 ఓమ్‌లు అని చీటీ కట్టి డిక్కీలో పడేయండి. 4వ దానికి ఇది పెడదామనుకోకండి. కప్లర్ పట్టినా పొడవు, కేబుల్, ఒక్కోసారి సెన్సర్ రకం కూడా వేరుగా ఉంటాయి.

మోడరేటర్
శనివారం, మధ్యాహ్నం 12.30

టాపిక్‌కి "పరిష్కారమైంది" గుర్తు పెట్టాను.

కొత్తడ్రైవర్
శనివారం, మధ్యాహ్నం 1.15

నాకు నిన్ననే పి0546 వచ్చింది, టర్బో పెట్రోల్ కారు. సెన్సర్ ఆర్డర్ పెట్టబోయి ఆగాను. ఇక్కడే అడగనా?

పానా14
శనివారం, మధ్యాహ్నం 1.25

కొత్త టాపిక్ పెట్టండి. రేపు పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకముందు, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి వచ్చిన రీడింగులు అందులో మొదటి లైన్‌లోనే రాయండి.